పద్నాలుగో రోజు తూకం

మా పాప పుట్టిన పద్నాలుగో రోజున ఆశా దీదీ మూడో అంతస్తు ఎక్కి వచ్చింది. ఘాజియాబాద్‌లో మేముండే అద్దె ఇంటికి లిఫ్టు లేదు. ఆ వీధిలోని బాలింతలనూ పసిబిడ్డలనూ ప్రభుత్వం తరఫున చూసుకునే మనిషి ఆమె. పిలవకుండానే రావడం అది మూడోసారి. రాగానే సబ్బు అడిగి మోచేతుల దాకా కడుక్కుంది. పూజకు కూర్చునే ముందు నేనైనా అంత శ్రద్ధగా కడుక్కోనేమో.

సంచిలోంచి స్ప్రింగు కాటా తీసి, గుడ్డ జోలెలో పాపను పడుకోబెట్టి పైకెత్తింది. ముల్లు చూసింది. దించి, మళ్ళీ ఎత్తి చూసింది.

"పుట్టినప్పటి బరువుకైనా రాలేదు బేటీ. నువ్వేం తింటున్నావు?"

చెప్పాను. పురుడు పోయడానికి తెనాలి నుంచి వచ్చిన అమ్మ కట్టుదిట్టంగా పెట్టే పథ్యం: గుప్పెడన్నం, కరివేపాకు పొడి, వెల్లుల్లి, నెయ్యి. పప్పు వాతం, కూరలు చలవ. ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని నీళ్ళు పూటకి అరగ్లాసు, అదీ కాచినవి. దాహం వేస్తే నామం జపించుకునేదాన్ని. పాప ఏడిస్తే దిష్టి అనుకుని ఉప్పు తిప్పేవాళ్ళం. అది ఆకలి.

దీదీ అమ్మవైపు తిరిగి హిందీలో ఏదో అంది.

"ఏమంటోందే?" అంది హిందీ రాని అమ్మ.

మెత్తగా మార్చి చెబుదామనుకున్నాను. కానీ ఒడిలో పాప పెదవులు ఎండి ఉన్నాయి. "ఆవుకి నీళ్ళు పెట్టకుండా పాలు పిండుతారా మాతాజీ, అంటోందమ్మా."

అమ్మ మొహం మాడ్చుకుంది. "నలుగుర్ని కన్నాను. నాకా పాఠాలు?"

ఆ మాట నేను చెప్పకుండానే దీదీకి అందినట్టుంది. నవ్వింది. "ఠీక్ హై మాతాజీ. పొడి మానొద్దు, నెయ్యీ మానొద్దు. పక్కన పప్పు, పాలకూర, పాలు పెట్టండి. పాలిచ్చే ప్రతిసారీ గ్లాసు నిండా నీళ్ళు. పాప నిద్రపోతున్నా రెండు గంటలకోసారి లేపి పట్టాలి. మూడు రోజుల్లో మళ్ళీ వస్తా. ముల్లు కదలకపోతే నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్తా. అక్కడ పాపను ఉంచేసుకుంటారు."

అదంతా నేను తెలుగులో చెప్పాక అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. దీదీ వెళ్ళాక అక్కణ్ణుంచి గొణుగుడు వినిపించింది. "ఈనిన గేదెకి గోలెం నిండా కుడితి పెట్టేదాన్ని. కన్నకూతురికి అరగ్లాసు కొలిచాను." తర్వాత కుక్కరు కూత, పప్పు వాసన.

ఆ మూడు రోజులూ గ్లాసుతో నా వెనకే తిరిగింది. "తాగవే తల్లీ, ఇంకో గుక్క."

అన్న రోజుకే, వానలో తడుస్తూ వచ్చింది దీదీ. జోలె పైకెత్తగానే, అంకెలు చదవడం రాని అమ్మ నాకంటే ముందు వంగి చూసింది.

"కదిలిందా?" తెలుగులోనే అడిగింది.

దీదీ ముల్లు మీద వేలు పెట్టి చూపించింది. "ఆసుపత్రి అక్కర్లేదు మాతాజీ."

ఆమె కార్డులో బరువు రాస్తుంటే నేను కళ్ళు మూసుకుని స్వామికి దండం పెట్టుకున్నాను. తెరిచేసరికి గుమ్మంలో తడి చెప్పులు తొడుక్కుంటోంది. పక్క గల్లీలో మరో బాలింత ఉందట.