దసరా బొట్టు పెట్టిన డిస్కు

నా పరువు నేనే తీసుకుంటున్నాను, టీ చల్లారేలోపు వినేయండి. పోయిన శనివారం నా కంప్యూటర్‌లో పాత హార్డ్ డిస్కు తీసి కొత్తది వేశాను. చాలా శుభ్రంగా చేశాను. ఎంత శుభ్రంగా అంటే, ఇప్పుడు రెండిట్లోనూ ఏమీ లేదు.

ముందు మీకు మా ప్రసాదు గురించి చెప్పాలి. మంగళగిరిలో ఉండేవాడు. పదిహేనేళ్లు ప్రతి ఆదివారం బస్సెక్కి పటమటలో మా ఇంటికొచ్చేవాడు. కంప్యూటర్‌ని నడిపించే సిస్టమ్ ఒకటుంది, లినక్స్‌కి దూరపు చుట్టం లాంటిది, సరదాకి వాడేవాళ్లు ప్రపంచం మొత్తం మీద గుప్పెడు మంది. దాంట్లో తెలుగు టైప్ చేసుకునే ప్రోగ్రాం రాయాలని మా ఇద్దరి పిచ్చి. రాసేది ఎక్కువ వాడే, నేను పక్కన కూర్చుని వేలు పెట్టేవాణ్ణి. ప్రోగ్రాం మధ్యలో మనుషులు చదువుకోడానికి కామెంట్లు రాస్తారు. కంప్యూటర్ వాటిని పట్టించుకోదు. వాడు వాటి నిండా నన్ను తిట్టేవాడు. 'ఒరేయ్ రాంబాబూ, ఈ లైను ముట్టుకున్నావో చేతులు విరగ్గొడతా.' ఇంటర్నెట్‌లో పెడదాంరా అంటే, "పూర్తయ్యాక పెడదాం" అనేవాడు. పూర్తవలేదు. పోయినేడు గుండెపోటుతో వాడే వెళ్లిపోయాడు.

మొన్న వాళ్లావిడ సుజాత ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, మా హారిక ఇంజనీరింగ్‌లో చేరిందిగా. వాళ్ల నాన్న రాసినవి చూడాలంటోంది. ఆదివారం తీసుకురానా?"

తప్పకుండా రమ్మన్నాను. అవన్నీ ఉన్నది నా పాత డిస్కులో మాత్రమే, అదేమో అప్పటికే కరకరమంటోంది. పిల్ల వచ్చేలోపు కొత్తదాంట్లోకి ఎక్కించేస్తే భద్రంగా ఉంటాయనుకున్నాను.

కొత్త డిస్కు తెచ్చి మా ఆవిడకిచ్చి, "బొట్టు పెట్టివ్వు" అన్నాను. కొత్త వస్తువు ఏదొచ్చినా మా ఇంట్లో అంతే. ఆవిడ దేవుడి దగ్గర పెట్టి తెచ్చిచ్చింది. నేను ఫోన్‌లో మాట్లాడుతూనే పెట్టె చింపేసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి దుమ్ము తుడిచాను. రెండూ ఒకే కంపెనీ, ఒకే సైజు. ఏది కొత్తదబ్బా అని అనుమానమొచ్చింది. ఒకదాని మీద బొట్టుంది. ఇంకేం, అదే కొత్తది.

దీంట్లోంచి దాంట్లోకి కాపీ చెయ్యమని కొట్టాను. ఈ సిస్టమ్ 'ఖాయమేనా?' అని అడగదు. ప్రసాదుకి నచ్చింది కూడా అదే. "మనకి బుద్ధుందని నమ్ముతుందిరా" అనేవాడు. నాలుగ్గంటలు పట్టింది. పక్కనే కూర్చుని జంతికలు తిన్నాను.

అయ్యాక తెరిస్తే రెండూ ఖాళీ. మా ఆవిణ్ణి పిలిచాను.

"బొట్టు కొత్త డిస్కుకే పెట్టావుగా?"

"పెట్టెకి పెట్టానండీ. లోపలిది కరెంటు సామాను కదా, తడి తగులుతుందని."

"మరి దీని మీదున్నదో?"

"అది మొన్న దసరాకి పెట్టింది. మీరు ఆ కంప్యూటర్‌కి మూతెప్పుడు పెట్టారు కనుక? స్కూటర్‌కి, మిక్సీకి పెట్టినట్టే దానికీ పెట్టాను."

అంటే కొత్త డిస్కులో ఉన్న ఖాళీనంతా నేను ప్రసాదు మీద కాపీ చేశాను. రిపేరు షాపుకి పట్టుకెళ్తే, "పైనుంచి కిందిదాకా సున్నాలేనండీ" అన్నాడాయన. ఇంటికొచ్చి ఏడ్చాను. వాడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు ఆ డిస్కు తెరిస్తే, నన్ను తిట్టడానికి వాడింకా అందులో ఉండేవాడు.

ఆదివారం తల్లీకూతుళ్లు వచ్చారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. హారిక ఆ పాత డిస్కు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "నాన్న ఏమేం రాసేవారంకుల్?" అంది.

ప్రోగ్రాం ఒక్క ముక్క గుర్తులేదు. తిట్లు మాత్రం కంఠతా వచ్చు. ఒక్కోటీ చెప్తుంటే పిల్ల ఫోన్‌లో టైప్ చేసుకుంది. సుజాత నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఓ పది చెప్పాక ఇంకోటి గుర్తు రాలేదు. "ఇంకా?" అంది పిల్ల. అయిపోయాయని చెప్పడానికి నోరు రాలేదు.

"'రాంబాబు చేతికి డిస్కు ఇవ్వరాదు'" అన్నాను.

తలెత్తి చూసింది. "ఇది నాన్నది కాదంకుల్. మరీ మర్యాదగా ఉంది."

కాదని ఒప్పుకున్నాను. "ఫరవాలేదు, నాన్నుంటే ఇదే రాసేవారు" అని దాన్నీ కింద చేర్చుకుంది. పదిహేనేళ్లలో ఆ ప్రోగ్రాంకి నేను తప్పుల్లేకుండా రాసిన లైను అదొక్కటే.