దేవాంగపిల్లి కళ్లు

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట, ఒక ఎండాకాలం నా కళ్లు రెండూ పుండ్లు పడ్డాయి. చీము పట్టి రెప్పలు అతుక్కుపోయేవి. వెలుతురు తగిలితే సూదులతో గుచ్చినట్టుండేది. మాది కడప జిల్లాలో కొండల కింద ఒక చిన్న ఊరు. మిద్దె కప్పులో వెలుతురు కోసం ఉంచిన గవాక్షిని బండతో మూసి, కళ్లకు గుడ్డ కట్టి, నన్ను లోపలి గదిలో పడుకోబెట్టారు. ఒకసారి తప్పించుకుని వాకిట్లోకి వచ్చానని బయట గొళ్లెం కూడా పెట్టారు. పగలో రేయో తెలిసేది కాదు. గోడలు తడుముకుంటూ తిరిగి, మళ్లీ వచ్చి చాపమీదే పడేదాన్ని.

పక్క ఊరి నాటువైద్యుడు మా నాయనకు ఒక మాట చెప్పాడు. దేవాంగపిల్లి కళ్లు తీసి కాటుక చేసి పెడితే నాకు చూపు వస్తుందట. పేరుకే పిల్లి గానీ, అది సన్నటి కాళ్లూ చేతులూ, ముఖమంతా కళ్లే ఉన్నట్టుండే ఒక చిన్న అడవి జీవి. నాయన ఎవరి చేతనో ఒకదాన్ని పట్టించి తెచ్చి, నా గదిలోనే కోళ్లగంప కింద పెట్టి, పైన రాయి పెట్టాడు. వైద్యుడు మరునాడు పొద్దున వస్తానన్నాడు.

నిజం చెప్పాలి. నాకు సంతోషమే అయింది.

పగలంతా అది కదల్లేదు. పొద్దు వాలుతుండగా గంపలో గీరుడు మొదలైంది. చుట్టూ తిరిగి ఒకచోట ఆగేది, మళ్లీ తిరిగేది. అప్పుడే మా అవ్వ నాకు గంజి తెచ్చింది.

"అదేం జేస్తాండాది అవ్వా?"

"దోవ ఎతుక్కుంటాండాది పాపా."

అవ్వ నా చెయ్యి పట్టుకుని గంప సందు దగ్గర పెట్టింది. చల్లటి వేళ్లు నా వేలిని చుట్టుకున్నాయి. ఐదు వేళ్లు, వాటికి గోళ్లు. పురిటిబిడ్డ పట్టుకున్నట్టే.

"దీని కండ్లు తీస్తే నాకు కండ్లొస్తాయా?"

"నాకేం తెలుసు పాపా. నీకు వస్తాయని మందిచ్చే ఆయప్ప అంటాండాడు. దానికి పోతాయని మాత్రం నాకు తెలుసు."

నేను ఏడ్చాను. అవ్వ సముదాయించలేదు. "రాయి తీసేదుంటే నువ్వే తియ్యల్ల. కండ్లు నీవి" అంది. నాకు గుడ్డిదాన్నయిపోతానని భయం. ఆ వేళ్లు ఇంకా నా వేలిని వదల్లేదు. చివరికి రెండో చేత్తో తడిమి రాయిని పక్కకు తోశాను. అవ్వ దాన్ని గోనెపట్టలో చుట్టి, దొడ్డితలుపు తీసుకుని కొండ దిక్కున తుమ్మచెట్ల దగ్గరికి నడిచింది. తిరిగొచ్చి, "పోయింది. ఎనక్కి తిరిగి సూడను గూడా సూళ్లేదు" అంది.

నాయన వచ్చి ఖాళీ గంప చూసి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. "నేనే ఇడిసిపెడ్తి" అంది అవ్వ, నా పేరు రానివ్వకుండా. బిడ్డ గుడ్డిదైతే ఆ పాపం నీదేనన్నాడు నాయన.

వేరే దారి లేక నాయన మరునాడు నన్ను బస్సులో కడప ఆసుపత్రికి తీసుకుపోయాడు. నెల రోజులు మందు వేశాక కుడికన్ను తేరుకుంది. ఎడమకంట్లో తెల్లటి పూవు వేసి చూపు పోయింది. దేవాంగపిల్లిని వదిలినందుకేనని చుట్టాలు చాలా ఏళ్లు అవ్వను దెప్పారు.

నాకు పెళ్లయ్యాక ఒకరోజు అడిగాను, ఆసుపత్రిలో నయమవుతుందని తెలిసే వదిలావా అని. "యాడ తెలుసు? ఆ పొద్దు శానా బయమైంది పాపా. చెట్టు కాడ నిలబడి ఎంతసేపు ఏడిస్తినో" అంది.

ఆమెకు ధైర్యం ఉంది కాబట్టి చేసిందని అంతవరకూ అనుకున్నాను. ధైర్యం వచ్చేదాకా ఆగడం ఆనాటినుంచి మానేశాను. కొన్నేళ్ల కిందట మా సంతలో ఇద్దరు మనుషులు ఒళ్లంతా పెంకులుండే అలుగును సంచిలో కట్టి అమ్మజూపారు. అటవీశాఖకు ఫోను చేయించి, వాళ్లు వచ్చేదాకా ఆ సంచి పక్కనే కూర్చున్నాను. ఆ ఇద్దరూ బెదిరిస్తూనే ఉన్నారు, నాకు భయం వేస్తూనే ఉంది. నేను మాత్రం లేవలేదు.