బావిలోంచి తీసిన రాయి

అది కాల్చిన రాయి కాదు. ఈ ఒక్క మాట అనాల్సిన చోట అనలేదు. ఇప్పుడు అంటున్నాను, ఎవరికి కోపమొచ్చినా సరే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. గద్వాల నుంచి వచ్చిన నేనూ, అమరచింత నుంచి వచ్చిన ఒకమ్మాయీ ఒకే సారు దగ్గర భూగర్భశాస్త్రంలో పరిశోధన చేసేవాళ్ళం. నాకంటే చిన్నది, అన్నా అని పిలిచేది. అమ్మానాన్నలు కూలికి పోయి చదివించారు. ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల రాళ్ళు తెచ్చి, వాటిలో అపటైట్ అనే ఖనిజపు రేణువులు వేరు చేసేవాళ్ళం. ఆ రేణువుల్లో యురేనియం పరమాణువులు పగిలి సన్నటి జాడలు వదులుతాయి. వేడికి అవి చెరిగిపోతాయి. బండ పైకి లేచి చల్లబడ్డాకే మళ్ళీ నిలుస్తాయి. వాటిని లెక్కపెడితే బండ ఎప్పుడు చల్లబడిందో తెలుస్తుంది.

మా వైపు బండ మీద కట్టెలు పేర్చి, మంట పెట్టి పలకలు లేపుతారు. మొదటిరోజు సుత్తి దెబ్బ లేకుండానే ఊడొచ్చిన పలకను నేను సంచిలో వేసుకోబోయాను.

"పారెయ్యన్నా! అది కాల్చిన బండ. మసి కనబడ్తలేదా? కండ్లు గద్వాలల పెట్టొచ్చినవా?"

ఆ మంటకు పైపొరలోని జాడలు పోతాయి, లెక్క తప్పుతుంది. అందుకే ఆమె కొత్తగా తవ్విన బావిలోకి దిగి, అడుగున రాయి కొట్టింది. పైనుంచి తాడుతో సంచి లాగింది నేను.

ఆ రాయిలో జాడలు అనుకున్నదానికంటే తక్కువున్నాయి. అంటే ఈ నేల చల్లారాక మళ్ళీ కాగింది, మళ్ళీ లేచింది. ఒకసారి చల్లారాక ఇది కదల్లేదని మా సారు జన్మంతా పాఠం చెప్పాడు.

"కాల్చిన బండ ఏరుకొచ్చి కథలు చెప్తుండవా?" అన్నాడు ఆమెను, విభాగంలో అందరిముందూ.

ఆమె నావైపు చూసింది. నా పట్టా సారు సంతకం మీద ఉంది. తల దించుకున్నాను. ఆమె సిద్ధాంతగ్రంథం వెనక్కి పోయింది, పట్టా రాలేదు. నాకు పట్టాతో పాటు ఉద్యోగమూ వచ్చింది.

చాలా ఏళ్ళకు నాగర్‌కర్నూల్ వెళ్ళాను. ఆమె అక్కడ బడిలో పాఠాలు చెప్తోంది. ఆ రోజు నిజం చెప్పకపోవడం నా తప్పే అన్నాను.

"నాకొక్కదానికి చెప్తే ఏమొస్తది? ఎవరి ముందర ఊకున్నవో గాల్ల ముందర చెప్పు" అంది.

మా విభాగం పాతవిద్యార్థుల సభకు ఆమెనూ రమ్మన్నాను. అక్కడ లేచి, రాయి ఎక్కడిదో చెప్పాను. ముందువరసలో సారు ఉన్నాడు.

"పాత ముచ్చట ఇప్పుడెందుకయ్యా?"

"రాయికి పాతేంది, కొత్తేంది సార్? అది కాగింది, లేచింది. మీరు ఒప్పుకోకుంటే కిందికి దిగుతదా?"

ఎవరో నవ్వారు. ఎవరో కూర్చోమన్నారు. కూర్చోలేదు. చివరి వరసలో ఉన్న ఆమె వైపు తిరిగాను.

"చెల్లె, నా పట్టా కోసం నీ పట్టా పోనిచ్చిన. తప్పు చేసిన. మాఫ్ చెయ్యి."