నన్ను హాల్లోంచి తరిమిన సినిమా

కుదరబోతున్న నా పెళ్లిని నేనే ఒక సినిమా హాల్లో ఎలా చెడగొట్టుకోబోయానో చెబుతాను. హాయిగా నవ్వుకోండి. ఆ రోజు హాలంతా నవ్వితేనే బతికి బయటపడ్డవాణ్ణి, మీరొక లెక్కా?

ఆ సినిమా గోదావరిఖనికి వచ్చేసరికే విమర్శకులు దాన్ని చీల్చి చెండాడారు. ఫైట్లకు తలాతోకా లేదన్నారు, కామెడీ చవకబారన్నారు. నేను సినిమా చూడకుండానే వాళ్ల మాటలన్నీ బట్టీ పట్టాను. అప్పటికి సరితతో నా సంబంధం ఇంకా ఖాయం కాలేదు. వాళ్ల నాన్న మల్లయ్య మామ బొగ్గుబాయిలో చేసి రిటైరైన మనిషి. "పక్కన కూసోని సినిమా చూస్తె పిలగాని గుణం తెలుస్తది" అని మా ఇద్దర్నీ ఆ సినిమాకే తీసుకెళ్లాడు. నా తెలివి చూపించి మార్కులు కొట్టేద్దామని టైటిల్స్ పడగానే మొదలుపెట్టాను.

"మామా, గీ ఫైట్ల లాజిక్ ఏడున్నది?"

"నిమ్మలంగ సూడు పిలగా."

తెర మీద హీరో రౌడీలను తరుముతూ మిర్చిబజ్జీల బండిని గుద్దేశాడు. రౌడీలను కాసేపు ఆగమని, బండి లేపి నిలబెట్టి, గిన్నెలు సర్ది, మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు.

"గిట్ల ఎవడన్న చేస్తడా మామా?"

"చెయ్యాలె," అన్నాడాయన. సరిత చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. హీరోని చూసో, నన్ను చూసో తెలియలేదు.

క్లైమాక్స్ ఓపెన్‌కాస్టు గనిలో. నేను తెరకు వీపు పెట్టి మామకు దర్శకుడి తప్పులు వివరిస్తుండగా సైరన్ మోగింది. నా ఉద్యోగం బ్లాస్టింగ్ దగ్గర. రాయి పేల్చేముందు సైరన్ మోగితే చుట్టుపక్కల వాళ్లందర్నీ దూరం తరమడమే నా డ్యూటీ. బుర్ర కంటే ముందు కాళ్లు లేచాయి.

"బ్లాస్టింగ్! జల్ది బయటికి ఉరుకుండ్రి!"

మామ రెక్క పట్టి లాక్కుపోయాను. హాల్లో సగం మంది బాయి మనుషులే, వాళ్లూ ఒకటే పరుగు. అందరం బయట గోడ పక్కన చెవులు మూసుకుని నిలబడ్డాం.

"ఇంక పేలలేదేంది?" అన్నారెవరో.

అప్పుడు తెర మీద పేలింది. లోపల మిగిలిన ఆడవాళ్లూ పిల్లలూ విరగబడి నవ్వారు. గేటు దగ్గరి మనిషి నా వైపు జాలిగా చూసి, "అన్నా, గది సినిమాల సైరన్" అన్నాడు.

సంబంధం గంగలో కలిసిందనుకున్నాను. మామ మాత్రం కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు.

"డ్యూటీ మరువని పిలగాడివి. నాకైతే ఇష్టమే. ఇగ నా బిడ్డ ఏమంటదో అడుగు."

లోపలికి వెళ్లి చూస్తే, సరిత సీట్లోంచి కదలనే లేదు.

"మా నాయినను కాపాడినవ్, మంచిదే. మరి నేను యాదికి రాలేదా?"

తప్పు దర్శకుడిదేనని మొదలుపెట్టబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"రేపు మల్ల వద్దాం. నోరు మూసుకొని సినిమా చూస్తె, అప్పుడు ఆలోచిస్త."

మర్నాడు నోరు మూసుకుని చూశాను. అది గొప్ప సినిమా అండీ! హీరో ఎన్ని గుద్దులు గుద్దినా దారిన పోయేవాడికి ఒక్క దెబ్బ తగలనివ్వడు. బజ్జీల బండి సీను సాగదీత అన్నారు విమర్శకులు. నాకు అక్కడ నవ్వుతూనే కళ్లు చెమర్చాయి. అది తీసినవాళ్లకు మనుషులంటే ప్రేమ. ఇప్పటికీ టీవీలో వస్తే రిమోట్ ఎవరికీ ఇవ్వను.

సరిత ఒప్పుకుంది, పెళ్లయింది. కనుక సకల ప్రేక్షకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చూడని సినిమాను ఇక తిట్టను. సైరన్ ఎక్కడ మోగినా, అది గనిదో సినిమాదో తేలకముందే మా ఆవిడ చెయ్యి పట్టుకుంటాను. మామ సంగతంటారా, ఆయన బాగా పరుగెత్తగలడు, నేను చూశాను.