రాతిలో రెండు కళ్ళు

ఆగస్టు పద్నాలుగు, బుధవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. నేను ఇన్నాళ్ళూ మోసిన బరువు ఆ నిమిషాన మొదలైంది. ఏడేళ్ళకు నాలుగు నెలలు తక్కువ. బడిలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. ఎవరు తేదీ తప్పు రాసినా ఎర్ర సిరాతో సున్నా చుట్టినదాన్ని. ఆ రోజు నా చేత్తో నేనే ఒక తేదీ మార్చాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది నేతపని ఇల్లు. నేను చదువుకున్నాను, చెల్లెలు మగ్గంలో కూర్చుంది. ఇద్దరికీ భర్తలు పోయాక కర్నూలు పక్కన కల్లూరులో ఒకే ఇంట్లో ఉంటున్నాం. చెల్లెలికి మొదటి కంటి శుక్లం తీసి కట్టు విప్పినప్పుడు, ఆ ఆసుపత్రి హాల్లో ఉన్న సముద్రపు చేపల గాజుపెట్టె కనబడిందట. పట్టు నూలుకు కూడా అన్ని రంగులు అద్దలేదని వారం రోజులు అదే చెప్పింది. చివరికి మా ఇంట్లోనూ ఒకటి పెట్టింది. ఉప్పునీళ్ళు, ఇసుక, మెత్తటి పగడాలు, మూడు చేపలు, నత్తలు. అవన్నీ తనవి. రిజిస్టరు నాది. ఉప్పు ఎంత, వేడి ఎంత, రోజూ రాసేదాన్ని.

రెండో కంటి ఆపరేషన్‌కు తను కడపలో కూతురి దగ్గరికి పోయింది. పోతూ పోతూ చెన్నై నుంచి ఒక సముద్రపు రాయి తెప్పించే ఏర్పాటు చేసింది. అలాంటి రాళ్ళ రంధ్రాల్లో నానా జీవాలు దాక్కుని వస్తాయి. కొన్ని మంచివి, కొన్ని మిగతావాటిని తినేవి. అందుకని గాజుపెట్టెలో పెట్టకముందు నలభై రోజులు వేరే ఉప్పునీళ్ళలో ఉంచి, రోజూ చూసి, చెడ్డవాటిని ఏరెయ్యాలి. ఫోన్లో మూడుసార్లు చెప్పింది. రాయి జులై పద్నాలుగున వచ్చింది. ఏ రోజు వచ్చిందని తను అడగలేదు, రిజిస్టరులో ఉంటుందిలే అనుకుంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక పెద్ద నీలం తొట్టిలో వేశాను.

ఆ ఆగస్టులో మా బోరు ఎండింది. కొళాయి నాలుగు రోజులకొకసారి వచ్చేది. ముప్పై రెండో రోజు కొళాయి చప్పుడు వినగానే రాయిని తీసి గాజుపెట్టెలో పెట్టేసి, తొట్టి కడిగి నీళ్ళు పట్టుకున్నాను. తరువాత రిజిస్టరులో జులై 14ను జులై 6 చేశాను. లెక్క సరిగ్గా నలభైకి వచ్చింది.

ఇంకో తొట్టి కొనకూడదా? అంగడి పది నిమిషాల నడక. నీళ్ళ కోసమే అలా చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను గానీ, బిందెడు మంచినీళ్ళకు ఎదురుచూసే ఇంట్లో ఒక రాయి నా తొట్టిని ఆక్రమించుకుని కూర్చుందన్న కోపమూ, ఈ వయసులో కొత్తగా ఒకదాన్ని ఇష్టపడగలిగిన చెల్లెలి మీద అసూయా అందులో ఉన్నాయని ఒప్పుకోవడానికి ఇంతకాలం పట్టింది.

తను ఆగస్టు పద్దెనిమిదిన తిరిగొచ్చింది. సెప్టెంబరు మూడు, మంగళవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక గాజుపెట్టె ముందు కూర్చుని పిలిచింది.

"అక్కా, ఈడ సూడు. ఆ బొక్కలోంచి ఏదో మనల్ని సూస్తాండాది. రెండు కండ్లు, కాడల మింద నిలబెట్టినట్లు."

వంగి చూశాను. ఉన్నాయి. ఒక కన్ను తన వైపు, ఒక కన్ను నా వైపు తిరిగి ఉన్నాయి.

"ఏమీ లేదు, నీడ," అన్నాను. "నీ కన్ను ఇంకా కుదురుకోలా. ఆపరేషనై ఎన్ని దినాలాయ?"

తను మళ్ళీ చూసింది. తరువాత నా మొహం చూసింది.

"అట్లనా. నీకు కనపడలా అంటే లేనట్లేలే. నీవి లెక్కల టీచరమ్మ కండ్లు. నావి మగ్గంలో అరిగిన కండ్లు."

తను నవ్వింది. నేనూ నవ్వాను. తేదీ దిద్దిన తప్పు చిన్నది. అసలు తప్పు ఇది.

ఆ నిమిషాన నిజం చెప్పి ఉంటే రాయిని బయటికి తీసేవాళ్ళం. కానీ నలభై రోజులు చూశావు గదా, ఎట్లా తప్పించుకుంది అని తను అడిగేది. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని చోట నిలబడటం నాకు ఏనాడూ చేతకాలేదు.

అది రొయ్య జాతిది. వేలంత ఉంటుంది. ముందుకాళ్ళు గొల్లభామలా మడిచి పెట్టుకుని, ఒక్కసారిగా విసిరి కొడుతుంది. గాజుపెట్టెలోంచి టక్కు టక్కుమని వినబడేది. ముందు నత్తల గుల్లలు పగిలి ఇసుకలో పడ్డాయి. తరువాత ఒక్కొక్కటిగా చేపలు పోయాయి. తను మాత్రం ఉప్పు ఎక్కువై చచ్చాయని తేల్చుకుంది. ఉప్పు కొలిచే గొట్టాన్ని కంటికి పెట్టుకుని, నీలం తెలుపు కలిసే చోట గీత చదవాలి. ఆ గీత తప్పు చదివానని కూర్చుని ఏడ్చింది. నేను కూడా కొలిచాను. గీత ఉండాల్సిన చోటే ఉంది. చెప్పలేదు.

అక్టోబరులో గాజుపెట్టె ఖాళీ చేసెయ్యమంది. తను ఇంట్లో లేనప్పుడు రాయి ఎత్తితే ఆ రొయ్య బకెట్లో పడింది. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్రటి అంచులు. మూత పెట్టి దాచాను. రెండు రోజులు బతికింది. చచ్చాక ఆ నీళ్ళతో సహా కరివేపాకు చెట్టు మొదట్లో పోసి పూడ్చాను. ఉప్పుకు చెట్టు మాడిపోయింది. ఎందుకు మాడిందో తెలియదని దాని గురించీ తనకు అబద్ధమే చెప్పాను.

మగ్గం మానాక తను వీధిలో వాళ్ళ చీరల కొంగులకు కుచ్చులు వేసేది. అదీ మానేసింది. సూదిలో దారం నన్ను ఎక్కించమనేది. బస్సు బోర్డు నన్ను చదవమనేది. కందిపప్పులో రాళ్ళు ఏరి, మళ్ళీ ఒకసారి చూడమని చేట నా ముందు పెట్టేది. ప్రతిసారీ చూసి పెట్టాను. ఆ చూసిపెట్టడం నాకు పరిహారంలా ఉండేదా, పెత్తనంలా ఉండేదా? రెండూనేమో.

పోయిన వారం కంటి డాక్టరమ్మ పరీక్ష చేసి, చివరి వరుస దాకా చదివారు, మీ కళ్ళకేమీ లేదు అంది. మా అక్క చూసి చెప్తే తప్ప నాకు నమ్మకం రాదమ్మా అంది చెల్లెలు. పక్క కుర్చీలోనే ఉన్నాను.

మొన్న ఏప్రిల్ పన్నెండు, ఆదివారం, సాయంత్రం నాలుగింటికి చెప్పేశాను. పాత రిజిస్టరు తెచ్చి, దిద్దిన తేదీ మీద వేలు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా. అంతా విని, ఆ రొయ్య రంగేమిటని అడిగింది. ఆకుపచ్చ, అంచులు ఎరుపు అన్నాను. కళ్ళు మాత్రం బూడిద రంగు, అని తనే చెప్పింది. లేచి లోపలికి పోయింది.

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. అడిగే హక్కు ఉందనుకోను. రెండు రోజులుగా కావలసిన మాటలే మాట్లాడుతోంది. నిన్న సూదికి నన్ను పిలవలేదు. అది కోపమో, తన కన్ను మీద నమ్మకమో నాకు తెలియదు. నాకు మాత్రం భుజాలు తేలికగా ఉన్నాయి. ఇన్నేళ్ళ తరువాత అన్నం అన్నంలా తిన్నాను.

రిజిస్టరులో జులై 6ను కొట్టేసి 14 రాశాను. దాని కింద పోయినవన్నీ రాశాను.

నత్తలు ఆరు.
నారింజ చేపలు రెండు.
నీలం చేప ఒకటి.
కరివేపాకు చెట్టు ఒకటి.
నా చెల్లెలు తన కళ్ళను తాను నమ్మని కాలం, ఆరేళ్ళ ఏడు నెలల తొమ్మిది రోజులు.