స్పీకరుకి పెట్టిన బొట్టు

తొమ్మిదో తరగతిలో నేను చదువుకి దండం పెట్టేశాను. చదువు నాకు అంతకు ముందే పెట్టేసింది. తర్వాత బెజవాడలో పాటలు రికార్డు చేసిచ్చే క్యాసెట్ల కొట్టు పెట్టుకుని, ఆ కొట్టు ముందు నుంచి నర్సింగ్ కాలేజీకి నడిచి వెళ్ళే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాను. ఆమెకి మిషిగన్‌లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కరు, నేను. ఇదీ ఆమె వెంట తెచ్చుకున్న సామాను. అక్కడ ట్రాయ్ అనే ఊళ్ళో కాపురం. ఆవిడ రోగులకి సూదులు పొడిచేది. నేను ఇండియన్ గ్రోసరీలో నిలబడి, బెండకాయల కొసలు విరిచి చూసే ఆంటీల నుంచి బెండకాయలను కాపాడేవాణ్ణి.

మా మామగారు రేడియోలో అనౌన్సరుగా చేసి రిటైరయ్యారు. ఆయన గొంతు వినబడితే పాలవాళ్ళు కూడా సైకిల్ ఆపి నిలబడేవారట. అలాంటి గొంతుగల మనిషి, కూతురు క్యాసెట్ల కొట్టువాణ్ణి చేసుకుందని నాతో మాత్రం చాలా కాలం మాట్లాడలేదు. పోనీ క్షమించేద్దాం, మాట్లాడదాం అని ఆయన అనుకునేసరికి మెడ దగ్గర థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గొంతు నరం దెబ్బతింది. తర్వాత వచ్చిన గొంతు ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టుండేది. అది తన గొంతని ఆయన ఒప్పుకోలేదు. ఫోన్ ఎత్తడం మానేశారు. ఇంట్లో కూడా కాఫీ కావాలంటే వేలు, వద్దంటే అరచెయ్యి.

రెండు వేల ఏడులో అత్తయ్యగారూ ఆయనా ఆర్నెల్లు ఉండడానికి మా ఇంటికి వచ్చారు. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్ళు. తాత కోసం ఎదురుచూసి, కొన్నాళ్ళు ఆయన చుట్టూ తిరిగి, ఒకరోజు భోజనాల దగ్గర అందరి ముందూ అడిగేసింది.

"నాన్నా, తాతకి తెలుగు రాదా?"

మామూలుగా ఇలాంటి మాట దొరికితే నేను వదలను. ఆ రోజు మాత్రం లేచి అందరి గ్లాసుల్లోనూ నీళ్ళు పోశాను. మామగారు తలవంచుకుని పెరుగు కలుపుకుంటూనే ఉన్నారు. అత్తయ్యగారు పిల్ల కంచంలో అక్కర్లేని నెయ్యి ఇంకాస్త వేశారు. ఆ సాయంత్రం వంటింట్లో నాతో అన్నారు.

"దానితోనైనా మాట్లాడతారనే కదా బాబూ ఇంత దూరం తీసుకొచ్చాను. మేం వెళ్ళిపోతే దానికి తాతంటే ఏం గుర్తుంటుంది? సోఫాలో ఒక శాలువా."

నేను ఏదో హాస్యమాడి ఆవిణ్ణి నవ్వించాను. కానీ ఆ శాలువా నన్నూ పట్టుకుంది.

సెప్టెంబరులో ఒక శనివారం మా ఇంటికి కాస్త అవతల ఒకింట్లో పాత సామాను అమ్మకానికి గరాజ్ సేల్ పెట్టారు. ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన ముసలావిడ. భర్త కార్ల ఇంజినీరు, పోయాడు. ఆవిడ ఇల్లు ఖాళీ చేసి అపార్ట్‌మెంట్‌కి మారుతోంది. అక్కడ ఒక బల్ల మీద చెప్పుల డబ్బాలంత చెక్క పెట్టెలు రెండు కనిపించాయి. ముందు నల్లగుడ్డ. స్పీకర్లట. నాకు నవ్వొచ్చింది. మా కొట్లో స్పీకరంటే బీరువా. దాని ముందు నిలబడితే ఒంటిమీద చొక్కా ఊగాలి. ఇవి చూస్తే బీరువా ఈనిన పిల్లల్లా ఉన్నాయి. చెక్క మాత్రం ముచ్చటగా ఉంది, పూలకుండీల కింద పీటలుగా పనికొస్తాయని తీసుకున్నాను. ఆవిడ వాటిని విడివిడిగా ఇవ్వనంది. రెండింటికీ వెనక వరస నంబర్లున్నాయి. ఫ్యాక్టరీలోనే ఒకదాని గొంతు రెండోదానితో కలిసేలా చూసి జత కడతారట. మనవాళ్ళు జాతకాలు చూసినట్టు. మా పెళ్ళికి ఆ పని చెయ్యలేదు కాబట్టి నాకు కొంచెం అసూయగా కూడా అనిపించింది.

ఇంటికి తెచ్చి హాల్లో పెట్టానో లేదో, మామగారు సోఫాలోంచి లేచారు. శాలువా జారిపోయినా చూసుకోలేదు. వంగి, పెట్టె పక్కన వేలి కణుపుతో కొట్టారు. మొద్దుగా చప్పుడైంది. చెవి ఆనించి మళ్ళీ కొట్టారు.

"ఎక్కడివి?" అన్నారు.

అమెరికాలో దిగాక ఆయన నాతో అన్న మొదటి మాట అది.

"గరాజ్ సేల్‌లోవండీ మామయ్యగారూ. పూలకుండీల కింద పెడదామని..."

ఆయన నావైపు చూశారు. వాళ్ళమ్మాయిని ప్రేమించానని చెప్పినప్పుడు కూడా నన్నలా చూడలేదు.

కొట్టు మూసేటప్పుడు అమ్మబుద్ధి కాక సూట్‌కేసులో కుక్కి తెచ్చుకున్న పాత క్యాసెట్ డెక్కూ మైకూ ఆంప్లిఫయరూ కింద బేస్‌మెంట్‌లో ఉన్నాయి. మోసుకొచ్చి, ఇక్కడి కరెంటుకి సరిపడే ట్రాన్స్‌ఫార్మరు పెట్టి తీగలు కలిపాను. గోడకి ఆనించి పెట్టబోతే మామగారు కాదని చెయ్యి ఊపారు. రెండు స్టూళ్ళు తెప్పించి, గోడకి ఎడంగా, కూర్చున్న మనిషి చెవుల ఎత్తుకి వచ్చేలా పెట్టించారు. ఏదో పాత సంగీతం క్యాసెట్ వేశాం. నేను నోరు మూసుకున్నాను. నా విషయంలో అది పెద్ద వార్త. పాడే మనిషి ఆ రెండు స్టూళ్ళ మధ్య ఉన్న ఖాళీలో వచ్చి నిలబడ్డాడు. ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. చొక్కా మాత్రం ఊగలేదు.

ఆ రోజు టీ తాగుతూ మామగారు మాట్లాడారు. ముక్కలు ముక్కలుగా, మధ్యలో నీళ్ళు తాగుతూ. ఇంగ్లండులో రేడియోవాళ్ళు ఇలాంటి పెట్టెల్ని సంగీతం గర్జించడానికి చెయ్యలేదట. ఊళ్ళు తిరిగి ప్రసారం చేసే వ్యానులో పెద్ద స్పీకరు పట్టదు. ఆ ఇరుకులో కూర్చున్న ఇంజినీరుకి ఒక్కటే తెలియాలి. అవతల మాట్లాడేవాడి గొంతు వాడి గొంతులాగే వెళ్తోందా లేదా? దానికోసం తయారుచేశారు.

"మందపు చెక్కైతే," అన్నారు, "తనూ మోగుతుంది. మనిషి గొంతు పలికే స్థాయిలోనే మోగుతుంది. అందుకని పలచటి చెక్క. లోపల మెత్తలు. పెట్టె తన మాట చెప్పకూడదు."

"అంటే ఇల్లరికపు అల్లుడిలా ఉండాలండీ."

ఆయన పెదవి ఒక పక్కకి కదిలింది. అత్తయ్యగారు చూసి, నాకు ఇంకో కప్పు టీ పోశారు.

పరీక్ష ఎలా చేసేవారో కూడా చెప్పారు. ఒక మనిషి గొంతు ముందే రికార్డు చేస్తారు. తర్వాత అదే మనిషిని తెర వెనక స్పీకరు పక్కన నిలబెట్టి, అదే వాక్యం చెప్పిస్తారు. ఒకసారి మనిషి, ఒకసారి పెట్టె. ఇవతల కూర్చున్నవాళ్ళు ఏది మనిషో చెప్పాలి. చెప్పలేకపోతే పెట్టె గెలిచినట్టు. వీళ్ళ స్టేషన్ ఇంజినీరొకాయన ఇంగ్లండులో శిక్షణకి వెళ్ళి ఈ పద్ధతి నేర్చుకొచ్చాడట. కొత్త స్పీకరు వచ్చినప్పుడల్లా బెజవాడలోనూ అలాగే చూసేవారు.

"ఆ తెర వెనక ఎవరండీ నిలబడేది?"

చూపుడువేలు తన గుండె మీద పెట్టుకున్నారు. "అప్పుడు," అని, కప్పు బల్ల మీద పెట్టేసి శాలువా కప్పుకున్నారు.

ఆ రోజుకి అంతే. కానీ ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం స్పీకర్ల ముందు కూర్చునేవారు. బడి నుంచి వచ్చి పిల్ల కూడా పక్కన చేరేది. ఇద్దరూ మాట్లాడుకోకుండా వినేవారు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు అత్తయ్యగారు గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరారంటే ఆ ఇంట్లో మెదలని వస్తువు ఏదైనా బొట్టు పెట్టించుకోవాల్సిందే. కారు, కుట్టుమిషను, లాప్‌టాప్, మైక్రోవేవ్, మా ఆవిడ స్టెతస్కోపు, మంచు తోడే పార. ఆ పూట నేను సోఫాలో ఎక్కువసేపు కదలకుండా కూర్చోలేదు.

స్పీకర్ల దగ్గరికొచ్చేసరికి ఆవిడకి ముందున్న నల్లగుడ్డ నచ్చలేదు. ముసుగు మీద బొట్టేమిటని మెల్లగా ఊడదీశారు. లోపల కింద పెద్ద గుండ్రం, పైన చుట్టూ దళసరి ఉన్నిగుడ్డ మధ్య బొటనవేలంత చిన్న గుబ్బ. సన్నటి స్వరాలన్నీ పలికేది ఆ గుబ్బే. దాని మీద ఉండాల్సిన చిల్లుల మూత ఎవరో ఎప్పుడో తీసేసినట్టున్నారు. అత్తయ్యగారికి అది అచ్చం నుదురులా కనబడింది. గంధం, కుంకుమ అద్దిన బొటనవేలితో, మా అందరికీ పెట్టినంత ప్రేమగా నొక్కి పెట్టారు.

గుబ్బ లోపలికి పోయింది.

"బాబూ!" అన్న కేకకి నేను పరుగెత్తుకొచ్చాను. మామగారు కూడా వచ్చారు. చూశారు. ఊడదీసిన నల్లగుడ్డ అందుకుని జాగ్రత్తగా మళ్ళీ తగిలించి, వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నారు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ మధ్యాహ్నం క్యాసెట్ పెట్టలేదు. మర్నాడూ పెట్టలేదు. పిల్ల వచ్చి స్టూలు పక్కన కాసేపు కూర్చుని, లేచి టీవీ దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఇప్పుడిప్పుడే కాస్త దారిలో పడుతున్నారు," అన్నారు అత్తయ్యగారు, బొటనవేలిని కొంగుతో తుడుచుకుంటూనే. "నా చేత్తో నేనే నొక్కేశాను."

"అత్తయ్యగారూ, మీరు నాకూ పెళ్ళిలో అంతే గట్టిగా బొట్టు పెట్టారు. నేను పని చెయ్యట్లేదా?"

"నువ్వేం పని చేస్తున్నావయ్యా?" అని ముక్కు చీదుకుంటూ నవ్వారు.

నాకు తెలిసింది ఒక్కటే ఉపాయం. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పిల్ల మేజోడు తొడిగి, గుబ్బకి తగలకుండా కాస్త ఎడంగా పట్టుకుని స్విచ్ నొక్కమన్నాను. మా ఆవిడ ఆపరేషన్ థియేటర్లో డాక్టరు పక్కన నిలబడ్డట్టు నిలబడి నొక్కింది. టప్పుమంది. గుబ్బ బయటికొచ్చింది. ఒక చిన్న ముడత, అందులో ఎర్రగా కుంకుమ మిగిలాయి.

"వచ్చింది మామయ్యగారూ! ఇక పెట్టుకోండి."

ఆయన దగ్గరికొచ్చి ముడత చూసి తల అడ్డంగా ఊపారు. "ఆకారం వచ్చింది. గొంతు వచ్చిందో లేదో?"

"అయితే పరీక్ష పెడదాం. నా గొంతు ఉంది కదా. ట్రాయ్‌లో దీన్ని వినని చెవి లేదు."

రికార్డు చేసే చోట ప్రతిధ్వని ఉండకూడదన్నారు మామగారు. మా ఇంట్లో అలాంటి చోటు ఒకటే, మా ఆవిడ బట్టలుండే చిన్నగది, క్లాజెట్. చలికోట్లకీ చీరలకీ మధ్య నన్ను నిలబెట్టి మైకు ఇచ్చారు. తర్వాత హాల్లో లాంపుకీ మెట్ల కమ్మీకీ మధ్య దుప్పటి కట్టి, దాని వెనక ఆ స్పీకరూ, నేనూ. ఇవతల అత్తయ్యగారు, పిల్ల, మా ఆవిడ కళ్ళు మూసుకుని. పరీక్ష వెంటనే చెడింది. క్లాజెట్‌లో నేను చెప్పిన వాక్యమే ఇక్కడ చెప్పాలి కదా. నాకేమో ఇంకా మంచి జోకు తట్టింది, అది చెప్పాను. రెండోసారి మూడో జోకు.

"ఒక్క మాట రెండుసార్లు ఒకేలా చెప్పలేవా?" అంది మా ఆవిడ.

"చెప్పగలిగితే తొమ్మిదో తరగతి పాసయ్యేవాణ్ణి."

మామగారు దుప్పటి పక్కకి తీశారు. నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. ఎవరివైపూ చూడకుండా క్లాజెట్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను డెక్కు దగ్గర బటన్ నొక్కాను. తలుపు అవతల ఆయన గొంతు సవరించుకోవడం వినబడింది. కోట్లు ఒరుసుకున్న చప్పుడు. అప్పుడు చెప్పారు.

"కోస్తా జిల్లాల్లో ఈ రోజు అక్కడక్కడా జల్లులు పడవచ్చు."

ఇసుక మీద చెప్పే. కానీ ఆ చెప్పు నడక తెలిసినవాడిది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.

బయటికొచ్చి దుప్పటి వెనక నిలబడ్డారు. నా వైపు వేలు చూపిస్తే నేను టేపు వదిలాను. పెట్టె చెప్పింది. తర్వాత ఆయన చెప్పారు. అదే వాక్యం, అదే విరుపు. మళ్ళీ అదే వరసలో ఇంకోసారి.

"మొదటిది మనిషి," అన్నారు అత్తయ్యగారు కళ్ళు తెరవకుండా, గట్టి నమ్మకంతో. "ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఆ మాత్రం తెలీదా?"

మొదటిది పెట్టె. నేను చెప్పలేదు.

"నువ్వు చెప్పు తల్లీ," అన్నాను పిల్లతో. "ఏది తాత? ఏది బాక్స్?"

అది కళ్ళు గట్టిగా మూసుకునే, ముఖం చిట్లించి ఆలోచించింది. "బోత్ తాతే కదా," అంది. "తాతా, మళ్ళీ చెప్పు!"

దుప్పటి వెనక నవ్వు వినబడింది. గరగరగా, పొడిగా. అది టేపులో లేదు. అత్తయ్యగారు కళ్ళు తెరిచి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

దుప్పటి పక్కనుంచి మామగారి తల ఒక్కటే బయటికొచ్చింది.

"అల్లుడుగారూ, చివర ఊపిరి తెగింది. బాలేదు. ఇంకోసారి తీద్దాం." అని మళ్ళీ కోట్లలోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత వాళ్ళు ఉన్నన్ని రోజులూ బడికి వెళ్ళే ముందు పిల్ల బూట్లు వేసుకుంటూ అరిచేది, "తాతా, వెదర్?" అని. ఆయన శాలువా సర్దుకుని, గుమ్మం దగ్గర నిటారుగా నిలబడి కోస్తా జిల్లాల సంగతి చెప్పేవారు. మా ట్రాయ్ మీద ఎండ కాస్తున్నా అది గొడుగు పట్టుకునే బస్సెక్కేది.