సలోమత్ వంతు
ఉజ్బెకిస్తాన్‌లోని ఫెర్గానా కాలువ మీద నీళ్ల వంతులు పెట్టే హోల్మత్ ముప్పైయేళ్లుగా రబ్బరు బూట్లు విప్పింది తక్కువ. పార భుజాన వేసుకుని గట్టు వెంట నడుస్తూ, నీటి చప్పుడు విని ఎవరి చేను తడిసిందో చెప్పేస్తాడు. కాలువ నీళ్లన్నీ పత్తి చేలకే. ఇంటి నీళ్లకు భార్య సలోమత్ రెండు బకెట్లతో అక్కడికే వస్తుంది. ఈ వేసవిలో ఒకరోజు గట్టెక్కుతూ జారిపడింది, బకెట్లు ఒలికిపోయాయి.

"పత్తి మొక్కనై పుట్టినా బాగుండేది. నా కాళ్ల దగ్గరికే నీళ్లు తెచ్చేవారు మీరు!" అంది భర్తతో, మోకాలు తుడుచుకుంటూ.

మర్నాడు రైతులు హోల్మత్‌తో, "అన్నా, తర్వాతి వంతెవరిది?" అన్నారు.

"సలోమత్‌ది."

"వదినకు చేనెక్కడిది?"

"చేను లేదు, బకెట్లున్నాయి" అంటూ ఇంటివైపు పిల్లకాలువ తవ్వడం మొదలుపెట్టాడు.